గోధుమ 'పడదు' అన్నవాడి పక్షాన



ఈ పుటలో మనం సాధారణంగా ఛందస్సు గురించి, పదవ్యుత్పత్తుల గురించి ముచ్చటించుకుంటూ ఉంటాము. ఈసారి భోజనం గురించి వ్రాస్తున్నాను. అందునా తగవుగా వ్రాస్తున్నాను. తగవు ఒకరితో కాదు, ఇద్దరితో. గోధుమ పడదని ఎవరైనా అంటే "ఇదొక కొత్త వేషం" అని నవ్వేవారు మొదటి పక్షం. "గోధుమ విషం, అందరూ మానేయండి" అని ఊరూరా ప్రబోధించేవారు రెండవ పక్షం. చూడటానికి వీరు పరస్పర విరోధులు. నిజానికి ఇద్దరూ కలిసి చేస్తున్న పని ఒక్కటే: నిజంగా జబ్బు ఉన్నవాడికి ఆ జబ్బు పేరు తెలియకుండా అడ్డుపడటం.

ముందుగా మాట సంగతి చూద్దాం, అది నా వృత్తి కనుక. తెలుగులో 'పడదు' అన్న క్రియ ఎంత పెద్ద సంచి అంటే అందులో ఏదైనా పడుతుంది! వంకాయ తింటే దురద పుట్టేవాడు "నాకు వంకాయ పడదు" అంటాడు. కాకరకాయ రుచి నచ్చనివాడూ అదే మాట అంటాడు. తోడికోడళ్లకు పడదు. కొత్త ఊరి నీళ్లు పడవు. ఇన్ని అర్థాలు మోసే మాటను పట్టుకుని ఒక మనిషి "నాకు గోధుమ పడదండీ" అంటే, వినేవాడు తనకు తోచిన అర్థం తీసుకుంటాడు. ఇష్టం లేదు కాబోలు అనుకుంటాడు, లేదా కాస్త కడుపుబ్బరం కాబోలు అనుకుంటాడు. చెప్పినవాడి పేగు లోపల ఏమి జరుగుతున్నదో ఆ మాట చెప్పదు.

వైద్యశాస్త్రం ఈ ఒక్క 'పడదు'ను మూడుగా విడదీసింది. ఒకటి గోధుమ ఎలర్జీ. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, వాపు, ఆయాసం రావచ్చు. రెండవది సీలియాక్ వ్యాధి. శరీరపు రక్షణవ్యవస్థ గ్లూటెన్‌ను చూసి రెచ్చిపోయి తన చిన్నపేగునే తాను దెబ్బతీసుకుంటుంది. మూడవది, ఈ రెండూ లేవని తేలిన తరువాత కూడ గోధుమ తింటే బాధపడేవారి స్థితి. వ్యవహారంలో గ్లూటెన్ సరిపడకపోవడం అంటారు. దానికి ఇదమిత్థమని చెప్పే రక్తపరీక్ష నేటికీ లేదు. తక్కిన రెండూ కావని తేల్చిన మీదటనే ఆ పేరు పెట్టాలి. మూడింటికీ మార్గాలు వేరు, ప్రమాదాలు వేరు. ఒకే మాటతో మూడింటినీ పిలుస్తూ మూడింటినీ ఒకే చిరునవ్వుతో కొట్టిపారేస్తున్నాము.

గ్లూటెన్ అనేది లాటిన్ మాట, అర్థం జిగురు. గోధుమ, బార్లీ, రై అనే ధాన్యాలలో ఉండే మాంసకృత్తుల ముద్ద అది. చపాతీ పిండిని ముద్దచేసి, నీళ్ల ధార కింద పిసుకుతూ పోతే తెల్లని గంజి అంతా కొట్టుకుపోయి చేతిలో సాగే పదార్థం మిగులుతుంది. అదే గ్లూటెన్. చపాతీ అప్పడాలకర్ర కింద సాగడానికి కారణం అది. జొన్నపిండిలో అది లేదు. అందుకే మన ఆడవాళ్లు వేడినీళ్లు పోసి కలిపి, చేత్తో తట్టి తట్టి రొట్టె చేస్తారు. జొన్నరొట్టె చేయడం కష్టమని కోడళ్లు వాపోతారే, ఆ కష్టమే నావంటివాడికి రక్ష.

ఇది నిన్న మొన్న పుట్టిన వేషం కాదు. రెండవ శతాబ్దం నాటి గ్రీకు వైద్యుడు అరెటీయస్ ఈ లక్షణాలను వర్ణించి, కడుపు అనే అర్థమిచ్చే మాటతో వ్యవహరించాడు. సీలియాక్ అన్న పేరు అందులోంచి వచ్చింది. 1888లో శామ్యూల్ గీ అనే ఆంగ్ల వైద్యుడు దీనిని స్పష్టంగా నిరూపించి, నయమయ్యే పక్షంలో ఆహారం ద్వారానే కావాలన్నాడు. ఏ ఆహారమో తేల్చినవాడు నెదర్లాండ్స్‌కు చెందిన పిల్లల వైద్యుడు విల్లెం డికె. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల ఆ దేశంలో కరవు వచ్చి రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో అలమటిస్తుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకున్నారు. రొట్టె తిరిగి రాగానే జబ్బూ తిరిగి వచ్చింది. గోధుమపై అంతకుముందే ఉన్న అనుమానాన్ని బలపరచుకుని ఆయన 1950లో సిద్ధాంతగ్రంథం సమర్పించాడు. ఒక కరవు సాక్ష్యం చెప్పిన జబ్బును 'ఫ్యాషన్' అనడానికి నోరెట్లా వస్తుంది?

ఇక మొదటి పక్షంవారి బ్రహ్మాస్త్రం: "అది ఉత్తరాదివాళ్ల జబ్బు, బియ్యం తినే మనకు రాదు." ఈ మాట అరుగుమీద కూర్చున్నవారు అంటే ఓర్చుకోవచ్చు. రోగి నాడి పట్టుకున్నవారు అంటే ఓర్వరాదు. ఈ మాటకు ఆధారంగా చూపే సర్వేను చివరిదాకా చదివితే అర్థం తలక్రిందులవుతుంది. 2016లో అమెరికాలోని ఒక జీర్ణకోశ వైద్యపత్రికలో మన దేశంలోని మూడు ప్రాంతాలలో 23 వేలకు పైగా వయోజనులను పరీక్షించిన అధ్యయనం వెలువడింది. రక్తంలో ఈ జబ్బును సూచించే ప్రతిరక్షకాలు ఉత్తరాన 1.23 శాతం మందిలో, ఈశాన్యంలో 0.87 శాతం మందిలో, దక్షిణాన 0.10 శాతం మందిలో కనిపించాయి. ఇక్కడితో ఆగేవారు "చూశారా, మనకు లేదు" అంటారు. తరువాతి వాక్యాలు కూడ చదవండి. ఈ జబ్బుకు అవకాశమిచ్చే జన్యువులు ఉత్తరాదివారిలోనూ దక్షిణాదివారిలోనూ దాదాపు ఒకే పాళ్లలో, మూడోవంతుకు పైబడి, ఉన్నాయి. కనిపించే పెద్ద తేడా పళ్లెంలో ఉంది. ఉత్తరాన మనిషి రోజుకు సగటున 455 గ్రాముల గోధుమ తింటే దక్షిణాన 25 గ్రాములు తిన్నాడు.

అంటే మందుగుండు ఇంట్లో ఉన్నది, నిప్పురవ్వ లేదు. ఆ జన్యువులున్నవారిలో ఎక్కువమందికి జబ్బు రానే రాదు, నిజమే. కాని ఇప్పుడు నిప్పురవ్వ సంగతేమిటి? మా బాటసింగారం నుండి హయత్‌నగర్ మీదుగా ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్లి చూడండి. ప్రొద్దుట ఉప్మా, పూరీ, మైసూరుబజ్జీ. పదింటికి చాయ్‌లో ఉస్మానియా బిస్కట్టు. సాయంత్రం నూడుల్స్, సమోసా, పఫ్. రాత్రికి, షుగరు ఉన్నదని చపాతీ. అన్నం, చపాతీ రెండూ పిండిపదార్థాలే అయినా, నలభై దాటిన ప్రతి తెలుగు ఇంట్లో రాత్రిపూట అన్నం మాని చపాతీ పట్టడం ఆచారమైపోయింది. ఇన్నిసార్లు గోధుమ తింటూ, తాతలు తినని కారణాన మనకు ఆ జబ్బు రాదనడం ఏ తర్కమో నాకు తెలియదు. అరుదైన జబ్బు అంటే లేని జబ్బు అని అర్థం కాదు. పైగా అరుదైనదని వెదకడం మానేస్తే అది ఎప్పటికీ అరుదుగానే కనిపిస్తుంది.

నా సంగతి కొంత చెప్పక తప్పదు. దాదాపు ఏడేళ్ల క్రితం నా హిమోగ్లోబిన్ ఎనిమిదికి దిగింది. ఇనుము మాత్రలు మింగాను, సూదులు వేయించుకున్నాను, ఎక్కినట్టే ఎక్కి దిగేది. బరువు పదకొండు కిలోలు తగ్గింది. విరేచనాలు వారానికి మూడు రోజులు. అప్పటినుండి నన్ను చూసిన వైద్యులది అంధగజన్యాయం. ఒకరు మొలలన్నారు. ఒకరు పేగుల క్షయ ఏమోనని భయపెట్టారు. ఒకరు రిటైరైనవారికి తోచక వచ్చే దిగులన్నారు. నేనే ఎక్కడో చదివి సీలియాక్ పరీక్ష అడిగితే, పెద్ద ఆసుపత్రిలో కూర్చున్న ఒక వైద్యుడు "సార్, మనవాళ్లకు ఆ జబ్బు ఉండదు. అంత అనుమానమైతే ఓ మూణ్ణెల్లు గోధుమ మానేసి చూడండి" అన్నాడు. వైద్యుని మాట పాటించాను. బాధ తగ్గింది. అప్పుడు మరొక వైద్యురాలి దగ్గరకు వెళ్తే ఆమె తల పట్టుకుంది. "గోధుమ మానేశాక పరీక్షలు చేస్తే ఏమీ తేలదండీ" అన్నది. పేగు మానడం మొదలుపెడితే రక్తంలో ప్రతిరక్షకాలూ తగ్గిపోతాయి. దొంగ ఇల్లు విడిచి వెళ్లిన తరువాత సోదా చేసినట్లు. నిజం తేలాలంటే తిరిగి గోధుమ తినాలి, వారాల తరబడి తినాలి.

తిన్నాను. ఆరు వారాలు, రోజూ రెండు చపాతీలు. బాధ పెట్టే పదార్థమని తెలిసి తెలిసి, ధర్మపత్ని కన్నీళ్లు పెట్టుకుంటూ వడ్డిస్తే తిన్నాను. రక్తపరీక్ష, ఎండోస్కోపీ, చిన్నపేగు ముక్కల పరీక్ష మూడూ ఒకే మాట చెప్పాయి. ఆ ఆరు వారాల శిక్ష నాకెందుకు పడింది? మొదటి వైద్యుడు ఒక్క రక్తపరీక్ష చీటీ వ్రాయనందుకు.

కనుక రెండవ పక్షంవారితో నా తగవు ఇక్కడ. వేదికలెక్కి, వీడియోలకెక్కి "గోధుమ మానండి, సర్వరోగాలూ పోతాయి" అంటున్నవారు వినాలి. గోధుమ సరిపడినవారికి అది సలక్షణమైన ఆహారం, కోట్లమందికి జీవనాధారం. దానిని విషమనడం అబద్ధం. మానితే నష్టమేమిటి అంటారు. నష్టమిది. మీ మాట విని మానినవారిలో నిజంగా సీలియాక్ ఉన్నవాడూ ఒకడు ఉంటాడు. వాడికి కొంత హాయి కలుగుతుంది, పరీక్షకు పోడు. జబ్బు పేరు తెలియదు కనుక "కొంచెం తింటే పరవాలేదు" అనుకుని పండుగకూ పెళ్లికీ తింటాడు. పైకి నొప్పి లేకపోయినా లోపల పేగు పాడవుతూనే ఉంటుంది. ఎముకలు గుల్లబారతాయి, రక్తం తగ్గుతుంది. వాడి పిల్లలను పరీక్షించాలన్న ఆలోచనే ఎవరికీ రాదు. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడటమంటే ఇదే.

రక్తసంబంధం మాట ఎందుకన్నానంటే, ఈ జబ్బు ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, బిడ్డలలో పదిమందిలో దాదాపు ఒకరికి ఇది ఉండే అవకాశం ఉంది. నాది తేలాక నా ఇద్దరు పిల్లలకూ పరీక్ష చేయించమన్నారు. అబ్బాయికి లేదు. అమ్మాయికి ఉంది. దానికి విరేచనాలు లేవు, కడుపునొప్పి లేదు. ఉన్నదల్లా రక్తహీనత. రెండు కాన్పులలోనూ ఇనుము మాత్రలు ఇచ్చి పంపారు, "ఆడవాళ్లకు మామూలే" అన్నారు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది. అందరికీ కారణం గోధుమ అని నేననను, అత్యధికులకు కారణం వేరే. కాని సగం మందికి ఉన్నంత మాత్రాన ఒక జబ్బు 'మామూలు' అయిపోతుందా? ఇనుము ఇచ్చినా ఎక్కనప్పుడు ఎందుకు ఎక్కడం లేదని అడగనక్కరలేదా?

అందరికీ పరీక్షలు చేయడం సాధ్యమా అని ఒక మిత్రుడు వాదించాడు. అందరికీ అని ఎవరన్నారు? ఇనుముకు లొంగని రక్తహీనత, నెలల తరబడి విరేచనాలు, కారణం తెలియని బరువు తగ్గుదల, వయసుకు తగ్గట్టు ఎదగని బిడ్డ, చిన్ననాటనే ఇన్సులిన్ పట్టిన మధుమేహం, ఇంట్లో ఒకరికి ఈ జబ్బు: ఇవి ఉన్నవారికి చాలు. అడగవలసినది టీటీజీ-ఐజీఏ అనే రక్తపరీక్ష. దానితోపాటు మొత్తం ఐజీఏ ఎంతున్నదో చూడమనాలి, ఏలననగా అది పుట్టుకతో లోపించినవారిలో మొదటి పరీక్ష లేదనే చెబుతుంది. తరువాతి మెట్టు ఎండోస్కోపీ. ఇప్పటికే గోధుమ మానేసి, తిరిగి తినలేనివారికి జన్యుపరీక్ష ఒకటి ఉన్నది. అది తిండిని బట్టి మారదు. ఆ జన్యువులు లేవని తేలితే సీలియాక్ దాదాపు లేనట్లే, ఉన్నాయన్నంత మాత్రాన జబ్బు ఉన్నట్లు కాదు. ముందు పరీక్ష, పిదప పథ్యం. ఈ నాలుగు మాటలు తారుమారు కాకూడదు.

పథ్యం అన్న మాట దగ్గర మనవారికి ఇంకొక చిక్కు. మన దృష్టిలో పథ్యమంటే మందు వాడినన్నాళ్లు ఉండేది. ఒక మంచిరోజున పథ్యం విడుస్తాము. సీలియాక్‌కు పథ్యమే మందు, దానికి విడుపు లేదు. ఇది అర్థం కాక బంధువులు చేసే ప్రేమపూర్వక హింస ఇంతంత కాదు. "బావగారూ, మా ఇంటి శుభకార్యం, ఒక్క బొబ్బట్టు తింటే ఏమవుతుంది?" అవుతుంది. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ రహితమని పొట్లంపై వ్రాయాలంటే కిలో పదార్థంలో 20 మిల్లీగ్రాములకు లోపుండాలి. మిల్లీగ్రాముల లెక్క అది. ఒక బొబ్బట్టు పైపూత ఏపాటిదో మీరే ఊహించండి. సత్యనారాయణవ్రతంలో గోధుమరవ్వ ప్రసాదాన్ని కళ్లకద్దుకుని పక్కవారికి ఇస్తే అపచారమని ఒక పెద్దావిడ నన్ను పదిమందిలో మందలించింది. అన్నవరం ప్రసాదమైనా అంతే కదా! దేవుడు పెట్టిన పేగును కాపాడుకోవడం దేవుని పట్ల అపచారమెట్లా అవుతుంది? పండో కొబ్బరిముక్కో చేతిలో పెడితే వ్రతభంగం కాదు.

గోధుమ కనిపించేచోట తప్పుకోవడం సులువు, కనిపించనిచోటే కష్టం. ఇడ్లీరవ్వ బియ్యానిది, ఉప్మారవ్వ గోధుమది, రెంటికీ పేరు రవ్వే. హోటలులో "రవ్వ లేదు కదా" అని అడిగితే ఏ రవ్వను తలచుకుని జవాబు చెబుతారో తెలియదు. పప్పులో, పులిహోరలో వేసే డబ్బా ఇంగువలో చాలావరకు గోధుమపిండి కలిసి ఉంటుంది, పొట్లం వెనక చదివి చూడండి. మిరపకాయబజ్జీ శనగపిండిదే, కాని అదే మూకుడులో మైసూరుబజ్జీ వేగుతుంది. గిర్నీలో నా జొన్నలకు ముందు ఎవరివో గోధుమలు ఆడి ఉంటాయి. రోగిని చూడబోతూ హార్లిక్స్ సీసా తీసుకువెళ్లడం మన మర్యాద, అందులో గోధుమా ఉన్నది, మొలకెత్తిన బార్లీ ఉన్నది. మూత్రం మంటకు పెద్దలు చెప్పే బార్లీనీళ్లూ నాకు నిషిద్ధమే. 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాము, చిరుధాన్యాల పరిశోధన సంస్థ మన రాజేంద్రనగర్‌లోనే ఉన్నది. అయినా అంగడిలో రాగి బిస్కట్ల పొట్లం తిప్పి చూస్తే, తరచుగా చిన్న అక్షరాలలో గోధుమపిండి కనిపిస్తుంది.

ఇంతటి నిఘాను చూసి జాలిపడేవారికి ఒక మాట. నా కంచం ఖాళీగా లేదు. అన్నం, జొన్నరొట్టె, రాగిసంకటి, సర్వపిండి, సకినాలు, అరిసెలు, పూతరేకులు, ఇంట్లో గోధుమ సోకకుండా చేసుకుంటే ఇవన్నీ నావే. 2021లో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టును మా ఊరికి తరలించిన నాటినుండి పండ్లకూ కొదవలేదు. విదేశీ పేరున్న ఖరీదైన గ్లూటెన్ రహిత రొట్టెలు కొనకపోతే బ్రతకలేమన్నది వ్యాపారుల మాట. తెలంగాణ పాతకాలపు వంటిల్లే దానికి సమాధానం. నాకు కావలసినది జాలి కాదు, నమ్మకం.

కాబట్టి అడుగుతున్నాను. వైద్యులారా, 'మనవాళ్లకు రాదు' అన్న వాక్యాన్ని మీ నోటినుండి తొలగించండి, చీటీ వ్రాయండి. ప్రబోధకులారా, 'మానేయండి' అనే ముందు 'పరీక్షించుకోండి' అనండి. ఇంగువ అమ్మేవారూ, 'ఇందులో గోధుమ ఉన్నది' అన్న మాటను తెలుగులో, కంటికి ఆనేంత అక్షరాలలో అచ్చువేయండి. శుభకార్యాలు చేసేవారూ, వడ్డన మొదలుకాకముందే ఒక గిన్నెడు అన్నం, ఒక పప్పు, ఒక గరిటె వేరుగా ఉంచండి. అంతకుమించి ఏమీ చేయనక్కరలేదు. ఇది చదువుతున్న మిత్రులారా, మీ ఇంట్లో ఏళ్ల తరబడి ఇనుము మాత్రలు మింగుతూ పాలిపోయి తిరుగుతున్న మనిషి ఒకరుంటే, వచ్చేసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఆ పరీక్ష పేరు అడగండి. అప్పటిదాకా వారిచేత చపాతీ మాన్పించకండి.